ఇంజను దింపాలన్నారు, శబ్దం క్లచ్ దగ్గర దొరికింది

బండి న్యూట్రల్‌లో ఆగి ఉన్నప్పుడు ఇంజను కింది భాగంలోంచి ఒక మోత. టకటకా అంటే టకటకా కాదు, గలగలా అంటే గలగలా కాదు, రెండూ కలిసి ఉన్నాయి. గేరు వేసి కదిలితే వినపడదు. పొద్దున్నే తీసినప్పుడు అంతగా ఉండదు, నాలుగు ఊళ్లు తిరిగి ఇంజను వేడెక్కాక మొదలవుతుంది. నేను పట్టించుకునేలోపే మా రైతులు పట్టించుకున్నారు. "ఏవండీ డాక్టరు గారూ, తమరి బండి దూరం నుంచే తెలిసిపోతందండి, లోపలేదో కొట్టుకుంటన్నట్టుంది, సూపించుకోండి" అని ఒకాయన పశువుల పాక దగ్గరే చెప్పాడు.

నేను డాక్టర్ని కాదు, గోపాలమిత్రని. కోనసీమలో రాజోలు, పి.గన్నవరం వైపు ఊళ్లలో, గోదారి లంకల్లో పశువులకి ఎద సూదులు, అంటే కృత్రిమ గర్భధారణ సూదులు, వేస్తాను. ఊళ్లో మమ్మల్నందర్నీ డాక్టరు గారనే పిలుస్తారు. పొద్దున ఎదకొచ్చిన గేదెకి సాయంత్రం వెయ్యాలి, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున. ఆ పూట దాటితే మళ్లీ 21 రోజుల దాకా ఆ రైతు ఎదురుచూడాలి. పాలు అన్ని రోజులు వెనక్కి పోతాయి. బండికి తగిలించిన క్యానులో ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీల్లో ఉంటుంది, అందులో వీర్యం నింపిన స్ట్రాలుంటాయి. బండి ఏ లంకలోనో, రాత్రి పూట, గట్టు మీద ఆగిపోతే నా ఒక్కడి ఇబ్బందితో పోదు. అందుకే ఆ మోత నన్ను నిద్రపోనివ్వలేదు.

బండి 125 సీసీ, ఒకే సిలిండరు. డెబ్బై వేల కిలోమీటర్లు దాటింది. అందులో సగం పైగా మొదటి రెండు గేర్లలో, బురదలో, హాఫ్ క్లచ్ మీద తిరిగినవే.

ముందు దగ్గర్లో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెండుసార్లు రేజ్ చేసి "టప్పెట్లు లూజండి" అన్నాడు. టప్పెట్లంటే వాల్వులని నొక్కే ముక్కలు. హెడ్డు మీద మూతలు తీసి వాటిని బిగించాడు. మోత అలాగే ఉంది. "అయితే టైమింగ్ చైను" అన్నాడు. ఇంకాసేపు విని "కనెక్టింగ్ రాడ్ పోయిందండి, ఫుల్ ఇంజన్ చేయించేయండి, ఎలాగూ కిలోమీటర్లు బాగా తిరిగింది కదా" అన్నాడు. హాఫ్ ఇంజన్ అంటే బోరు, పిస్టను వరకు. ఫుల్ ఇంజన్ అంటే క్రాంకు దాకా. క్రాంకంటే పిస్టను తోపుకి తిరిగే ఇరుసు, ఆ రెంటినీ కలిపేది కనెక్టింగ్ రాడ్. ఇంజను ఫ్రేము నుంచి దింపాలి, రెండుగా విడగొట్టాలి, క్రాంకు లేత్ షాపుకి పంపాలి, రాడ్డూ బేరింగూ కొత్తవి వెయ్యాలి. నా రెండు నెలల సంపాదన అక్కడే ఆగుతుంది.

ఆయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. వేడెక్కాక పెరిగే మోత, ఇంజను కింది భాగంలోంచి వచ్చే మోత, ఈ రెండూ కనెక్టింగ్ రాడ్ బేరింగుకి సరిపోతాయి. ఆయిలు వేడికి పల్చబడితే అరిగిన బేరింగు ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. కానీ ఆ రెండు లక్షణాలూ సరిపోయే చోట్లు ఇంజనులో ఇంకా ఉన్నాయి. ఒక్కసారి ఇంజను విప్పేశాక ఇక ఆ శబ్దం మన చేతిలో ఉండదు. రాడ్డు మారుస్తారు, పిస్టను మారుస్తారు, చైను మారుస్తారు. అసలు తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియకుండానే బిల్లు వస్తుంది. తప్పు మిగిలిపోతే ఆ మోత కొత్త సామాన్ల మధ్యలో మళ్లీ మొదలవుతుంది. విప్పకుండా బండిని ఎంతవరకు అడగొచ్చో అంతవరకు అడిగి చూద్దామనుకున్నాను.

గేదెల్లో మూగ ఎద అని ఉంటుంది. పైకి ఏమీ కనపడదు. అరవదు, ఎగబడదు. అప్పుడు మేం రైతునే అడగాలి: రాత్రి పాలు తగ్గించిందా, మేత వదిలేసిందా, జిగురు తీగలు ఏ పూట కనపడ్డాయి అని. ఎంత గట్టిగా అన్నది కాదు, ఎప్పుడు అన్నదే ఆధారం. బండినీ అలాగే అడిగాను. జేబులో ఉండే చిన్న పుస్తకంలో, సూదుల లెక్క రాసుకునే పేజీల వెనకవైపు, మోత ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అని రాసుకుంటూ వచ్చాను.

మొట్టమొదట ఇంజనుకి సంబంధం లేనివన్నీ పక్కన పెట్టాను. నత్రజని క్యానూ, అది కూర్చునే ఇనప స్టాండూ తీసేశాను. సైలెన్సరు మీద రేకు, చైను కవరు, ఫుట్‌రెస్టు, ఇంజనుని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టులు ఒక్కొక్కటీ పానా పెట్టి చూశాను. ఇది చాలామంది చెయ్యరు. ఇంజను బోల్టు ఒక్కటి వదులైనా ఫ్రేమంతా మోగుతుంది, విన్నవాడికి ఇంజను లోపలే ఏదో విరిగిందనిపిస్తుంది. నా బండిలో సైలెన్సరు రేకు స్క్రూ ఒకటి వదులుగా ఉంది. బిగించాక సన్నటి జరజర ఒకటి పోయింది, అసలు మోత అలాగే ఉంది.

తర్వాత సైలెన్సరు బెండు హెడ్డుకి కలిసే చోటు. అక్కడ గ్యాస్కెట్ కాలిపోతే వచ్చే ఫట్‌ఫట్ శబ్దం అచ్చం టప్పెట్ శబ్దంలాగే ఉంటుంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరపాటు పడతారు. ఇంజను నడుస్తుండగా సైలెన్సరు చివర తడిగుడ్డ మడత పెట్టి ఒక్క క్షణం అదిమితే, లీకు ఉన్న చోట బుస్సుమంటుంది. నాకు అలాంటిదేం రాలేదు. బెండు మొదట్లో మసి చార కూడా లేదు.

కాలవ గట్ల మీద నడుపుతుంటే ఇంజను శబ్దం సరిగ్గా వినపడదు. రెండు పక్కలా ఖాళీ, కొబ్బరాకుల గాలి, మోత ఎటో పోతుంది. పి.గన్నవరంలో గోదారి పాయ మీదుగా కాలవని దాటించే వంతెన, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడెక్టు ఉంది. దాని మీదికి వస్తే రెండు పక్కలా గోడలుంటాయి, బండి శబ్దం మొత్తం తిరిగి చెవిలో పడుతుంది. నెమ్మదిగా, గేరు మార్చేటప్పుడు తప్ప క్లచ్ పట్టకుండా అక్కడ వెళ్లి చూశాను. నడుస్తున్నప్పుడు వినపడదని నేననుకున్న మోత నిజంగానే లేదు. గాలిలో కలిసిపోవడం కాదు, లేనే లేదు. ఇది నాకు దొరికిన మొదటి గట్టి ఆధారం.

దీన్నే ఇంకో విధంగా పరీక్ష చెయ్యాలి, ఇంజను మీద బరువు పెట్టి. కనెక్టింగ్ రాడ్ బేరింగు పోతే బరువు లాగేటప్పుడు దెబ్బ పెరుగుతుంది. డెల్టాలో కొండలెక్కడున్నాయి? ఎక్కాల్సినవి రెండే: వంతెన మీదికి ఎక్కే అప్రోచ్ రోడ్డు, ఏటిగట్టు. మా బావమరిదిని వెనక ఎక్కించుకుని, మూడో గేరులో, తక్కువ స్పీడులో ఏటిగట్టు ఎక్కించాను. ఇంజను మూలిగింది, బండి వణికింది, కానీ కింద నుంచి టక్కు టక్కు అనే బరువైన దెబ్బ రాలేదు. గట్టు మీద ఆపి న్యూట్రల్‌లోకి తేగానే మాత్రం మా మోత మళ్లీ మొదలైంది. బరువు తీసేశాక వచ్చే శబ్దం బేరింగుది అయ్యే అవకాశం తగ్గిందని పుస్తకంలో రాసుకున్నాను.

పిస్టను గురించి రాసుకోవాల్సింది కొంచమే. పిస్టనూ బోరూ అరిగితే చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుంటుంది, వేడికి పిస్టను వ్యాకోచించాక తగ్గుతుంది. నాది సరిగ్గా తిరగేసి ఉంది. సైలెన్సర్లో నీలం పొగ కూడా లేదు.

ఆయిలు విషయంలో నాకొక ప్రత్యేకమైన భయం ఉంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే గోదారి కాస్త పొంగితే చాలు మునిగిపోతుంది. నీళ్లు తీస్తున్నప్పుడు, ఇంకా చక్రాలు సగం మునిగేంత ఉండగానే జనం దాటేస్తారు. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఎన్ని బళ్లు మునిగాయో లెక్కలేదు. వాటిలో చాలా వాటిని కంగారుగా స్టార్ట్ చేసి పాడుచేసుకున్నారు. సిలిండర్లో నీళ్లుండగా కిక్కు కొట్టినా, సెల్ఫ్ నొక్కినా నీళ్లు పిస్టనుకి నొక్కుడు పడవు, రాడ్డే వంగొచ్చు. మునిగిన బండికి ముందు ప్లగ్గు విప్పి నీళ్లు బయటికి తోయాలి, ఆయిలు మార్చాలి, ఆ తర్వాతే స్టార్టు. నా బండి మునగలేదు గానీ కాజ్‌వే మీద నీళ్లలో నడిచింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు నల్లగా ఉంది, తెల్లటి నురగ లేదు. లెవెలు కింది గీతకి కొంచెం పైనే ఉంది. డబుల్ స్టాండు వేసి, ఇంజను ఆపి కాసేపు ఆగి చూసిన లెవెలే నిజం, సైడు స్టాండు మీద చూసింది లెక్కలోకి రాదు.

ఫోను వల్ల ఒక మంచి పని జరిగింది. ఇంజను పక్కన ఫోను పెట్టి వీడియో తీసి, పావు స్పీడులో వేసుకుని విన్నాను. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే సైలెన్సరు ఒక్కసారి కొడుతుంది. వాల్వులు కూడా ఆ రెండు చుట్లకి ఒక్కోసారే తెరుచుకుంటాయి. కాబట్టి టప్పెట్ శబ్దమైతే సైలెన్సరు దెబ్బకి ఒకటి చొప్పున లెక్క కుదరాలి. క్రాంకు వైపుదైతే చుట్టుకొకటి, అంటే సైలెన్సరు దెబ్బకి రెండు పడాలి. మామూలు స్పీడులో సెకనుకి పది పైన పడే దెబ్బలు ఎవరికీ లెక్క అందవు, పావు స్పీడులో అందుతాయి. నాకు వినపడింది ఈ రెండు లెక్కలకీ కుదరలేదు. సైలెన్సరు ఒకసారి కొట్టాక చిన్న చిన్న దెబ్బలు మూడు నాలుగు వరసగా పడి సద్దుమణుగుతున్నాయి. మళ్లీ సైలెన్సరు కొట్టగానే మళ్లీ మొదలు. ఇంజను తోసిన ప్రతిసారీ వదులుగా ఉన్నదేదో ముందుకీ వెనక్కీ ఊగి నిలబడుతోందన్నమాట. ఆ వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది.

మిగిలింది చోటు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి పక్క ఎముకకి ఆనించుకుంటే లోపలి శబ్దం నేరుగా వస్తుంది. తిరిగే చైనుకీ, కాలే సైలెన్సరుకీ దూరంగా ఉండాలి, చొక్కా చేతులు మడుచుకోవాలి. హెడ్డు మీద పెడితే టప్పెట్ల చిన్న టిక్కుటిక్కు, అంతే. ఎడమ వైపు మ్యాగ్నెట్ కవరు మీద చైను సన్నగా గీస్తున్న చప్పుడు, అంతకుమించి లేదు. నా బండికి టైమింగ్ చైను ఆ వైపే ఉంటుంది, చైనో టెన్షనరో పోయి ఉంటే అక్కడ హోరెత్తాలి. కుడి వైపు పెద్ద కవరు మీద, కిక్ రాడ్డుకి ముందు, పిడి నా చెవిలో దబదబ కొట్టింది. ఆ కవరు వెనక క్లచ్ ఉంటుంది.

ఈ సంగతులన్నీ పట్టుకుని అంబాజీపేట వైపు ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. కొబ్బరికాయల లోడుతో తిరిగే బళ్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి, క్లచ్‌ల సంగతి ఆయనకి చేతివేళ్లకే తెలుసు. బండి స్టార్ట్ చెయ్యమనలేదు. నా పుస్తకం అడిగి తీసుకుని నిదానంగా చదివాడు. తర్వాత అడిగాడు:

"అక్విడెక్టు మీద లారీ ఎదురొచ్చి ఆగారనుకోండి. న్యూట్రల్ చేస్తారాండి, క్లచ్ పట్టుకుని గేర్లోనే ఉంచుతారా?"

"ఒక్కోసారి ఒక్కోలా బాబాయ్ గారూ."

"క్లచ్ పట్టుకుని ఉన్నప్పుడు ఈ సౌండు ఉందాండి?"

నేను ఆ ఒక్కటీ రాసుకోలేదు. ఆయన లేచి బండి స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా వదిలేసి, మోత మొదలయ్యాక క్లచ్ లివరు నెమ్మదిగా నొక్కాడు. మోత ఆగిపోయింది. వదిలాడు, వచ్చింది. మళ్లీ నొక్కాడు, పోయింది. షాపులో పనిచేసే కుర్రోడు కూడా పని ఆపి చూశాడు. "ఇంజను దింపక్కర్లేదండి డాక్టరు గారూ. క్లచ్ హౌసింగు. రబ్బర్లు పోయుంటాయి" అన్నాడు మెకానిక్.

అదెలా చెప్పగలిగాడో ఆయన వివరించింది ఇది. ఒకే సిలిండరు ఇంజను సమంగా తిరగదు, క్రాంకు రెండు చుట్లకి ఒక్క తోపు. ఆ తోపు గేర్లకి నేరుగా తగలకుండా, క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నెలాంటి హౌసింగుకీ దాని వెనకున్న పెద్ద గేరుకీ మధ్య రబ్బరు ముక్కలు పెడతారు, కొన్ని బళ్లలో స్ప్రింగులుంటాయి. అన్నిటినీ కలిపి రివిట్లతో బిగిస్తారు. ఆ రబ్బరు నలిగిపోయి రివిట్లు వదులైతే, ఇంజను స్లోలో ఉన్నప్పుడు ప్రతి తోపుకీ ఆ గేరు హౌసింగుని అటూ ఇటూ కొడుతుంది. బరువు మీద నడిచేటప్పుడు అంతా ఒక వైపుకి నొక్కుకుని ఉంటుంది, అందుకే శబ్దం ఉండదు. క్లచ్ నొక్కితే గేర్‌బాక్సు షాఫ్టు హౌసింగు నుంచి విడిపోతుంది, దాని బరువు ఊగడం పోతుంది, మోతా పోతుంది. క్రాంకు బేరింగుదే అయితే క్లచ్ నొక్కినా వదిలినా దానికి పట్టదు.

గేర్‌బాక్సు బేరింగు పోయినా క్లచ్ నొక్కితే శబ్దం ఆగుతుంది కదా అని అడిగాను. "అది హూ మని ఏడుస్తాదండి, ఇలా కొట్టుకోదు. పైగా గేర్లో పరిగెడతన్నప్పుడు కూడా ఉంటాది" అన్నాడు. నా పుస్తకంలో అక్విడెక్టు మీది సంగతి దానికి జవాబు చెప్పేసింది.

అక్కడే విప్పాడు. వేడిగా ఉండగానే 17 నంబరు పానాతో కింద బోల్టు తీసి ఆయిలు పళ్లెంలోకి దించాడు. పళ్లెంలో అయస్కాంతం తిప్పితే బూడిద రంగు ముద్ద పల్చగా అంటుకుంది. అది డెబ్బై వేలు తిరిగిన ఇంజనుకి ఉండేదే, మెరిసే పొరలూ ముక్కలూ ఉంటేనే భయపడాలి. కిక్ రాడ్డు, కవరు బోల్టులు తీసి, కవరుని రబ్బరు సుత్తితో తట్టి లాగాడు. కింద ఆయిలు జల్లెడ తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఆవగింజంత, మినపగింజంత నల్లటి రబ్బరు ముక్కలు. గోటితో నొక్కితే సాగి, చితికి, నూనెతో మెత్తగా అయిపోయి ఉన్నాయి. మోత ఎక్కడిదన్న ప్రశ్న ఆ జల్లెడ మీదే ముగిసింది.

హౌసింగు బయటికొచ్చాక ఒక చేత్తో గేరూ, ఇంకో చేత్తో హౌసింగూ పట్టుకుని తిప్పి చూపించాడు. కొత్తదాంట్లో కదలిక దాదాపు ఉండకూడదు, ఉన్నా గట్టిగా తన్నుతూ వెనక్కి రావాలి. నాది వేలు కదిలినంత సులువుగా ఖాళీలో ఆడి టక్కున ఆగుతోంది. అదే శబ్దం, నెమ్మదిగా. రివిట్ల చుట్టూ చిల్లులు కోలగా సాగి ఉన్నాయి. క్రాంకు చివరున్న చిన్న గేరు పళ్లు బాగానే ఉన్నాయి. పనిలో పనిగా క్రాంకు చివర తిరిగే ఆయిలు ఫిల్టరు మూత తీసి లోపల పేరుకున్న మడ్డి గీకించాడు. దానికి జాలీ ఉండదు, తిరిగే వేగానికి మురికి అంచుకి చేరి అతుక్కుంటుంది. ఆయిలు మార్చినంత మాత్రాన ఆ మడ్డి పోదు, కవరు విప్పినప్పుడే తియ్యాలి.

హౌసింగుకి రబ్బర్లు విడిగా దొరకవు, మొత్తం కొనాలి. అమలాపురంలో కంపెనీది లేదు, తెప్పిస్తామన్నారు. డూప్లికేట్ వెంటనే దొరుకుతుంది. మెకానిక్ గారు డూప్లికేట్ వద్దన్నాడు, నాకూ వద్దనిపించింది. రివిట్టు నమ్మకంగా లేని సామాను లంకల్లోకి తీసుకెళ్లలేను. అది వచ్చేదాకా బావమరిది స్కూటీ మీద, క్యాను కాళ్ల దగ్గర పెట్టుకుని తిరిగాను. ఏ గేదె పూటా దాటలేదు.

కొత్త హౌసింగు, కొత్త కవరు గ్యాస్కెట్, ప్లేట్లు కూడా అరిగి గీతకొచ్చాయి కాబట్టి అవీ, ఆయిలూ కలిపి, ఫుల్ ఇంజనుకి చెప్పిన దాంట్లో ఐదో వంతు లోపే అయింది. స్టార్ట్ చేసి వేడెక్కేదాకా ఉంచాం. న్యూట్రల్‌లో మోత లేదు. అయితే హెడ్డు దగ్గర ఒక చిన్న టిక్కుటిక్కు ఇప్పుడు స్పష్టంగా వినపడుతోంది. పెద్ద మోత పోయాక చిన్నది బయటపడింది. అది కూడా బిగించెయ్యమని అడిగాను.

మొదటి మెకానిక్ టప్పెట్లు బిగించాడు కదా అని, అంబాజీపేట ఆయన ఇంజను పూర్తిగా చల్లారేదాకా మర్నాటి వరకు బండి ఉంచుకుని, పిస్టనుని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, సన్నటి రేకులుండే ఫీలర్ గేజీ పెట్టి చూశాడు. వాల్వుకీ టప్పెట్‌కీ మధ్య ఉండాలని బండి పుస్తకంలో ఉన్న గ్యాప్ 0.08 మిల్లీమీటర్లు. ఎగ్జాస్ట్ వాల్వుకి ఆ రేకు దూరలేదు, 0.05 రేకు కూడా కష్టంగా దూరింది. శబ్దం పోవాలని బిగించెయ్యడం వల్ల జరిగిందది. అలా తిరిగితే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోదు, సీటు కాలుతుంది, కంప్రెషన్ పోతుంది. అప్పుడు నిజంగానే హెడ్డు విప్పాల్సి వచ్చేది. పుస్తకంలో ఉన్న గ్యాప్‌కి వదులు చేశాడు. టిక్కుటిక్కు ఇంకొంచెం పెరిగింది. "ఇది ఉండాలండి. ఇది వినపడకపోతే అప్పుడు రండి" అన్నాడు.

ఆ తర్వాత ఆయిలు మార్చినప్పుడు జల్లెడ విప్పించి చూశాను. రబ్బరు ముక్క ఒక్కటీ లేదు. అయస్కాంతానికి అంటుకున్న ముద్ద ముందుకన్నా తక్కువే. ఇప్పుడు పుస్తకం వెనక పేజీల్లో క్లచ్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు అని ఇంకో గడి గీసి పెట్టుకున్నాను. మా మండలంలో ఇంకో గోపాలమిత్ర బండికి కూడా ఏదో మోత వస్తోందని ఫోన్ చేశాడు. చల్లగా ఉన్నప్పుడే వస్తోందట, వేడెక్కాక పోతోందట, క్లచ్ నొక్కినా మారట్లేదట. అతనిది నాలాంటిది కాదు. ముందు పొగ చూసుకో, ఆయిలు ఎంత తాగుతోందో రాసుకో, అప్పుడు అంబాజీపేట వెళ్దాం అని చెప్పాను.